రోలుకి ఓడ, వీణకి విమానం

అమెరికాలో పిల్లలో తోబుట్టువులో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ రోజుల్లో ఒక వస్తువు తప్పకుండా ఉంటుంది. కొక్కెం ఉన్న చిన్న తూకం యంత్రం. ప్రయాణం రేపనగా సూట్‌కేసుని దానికి తగిలించి పైకెత్తి, ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి ఆ అంకెల కేసి చూస్తారు. 23 కిలోలు దాటిందా, ముందుగా బయటికొచ్చేవి పుస్తకాలు. ఆ తర్వాత బట్టలు. కందిపొడి, కరివేపాకు పొడి మాత్రం వాటి చోటు నుంచి కదలవు. ఏ తల్లీ వాటిని కదలనివ్వదు.

కానీ సంసారంలో 23 కిలోల్లో ఇమడనివి కూడా కొన్ని ఉంటాయి కదండీ. పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ వస్తువులు పిల్లల మధ్య పంచుకోవలసి వస్తుంది. ఒకరు ఈ ఒడ్డున, ఒకరు ఆ ఒడ్డున ఉంటే ఆ పంపకానికి నడుమ సముద్రం అడ్డు పడుతుంది. దాన్ని దాటించే మనుషులెవరు? వాళ్ళలో ఎవరిని నమ్మాలి? ఈ ప్రశ్న కిందటేడు నా నెత్తిన పడింది.

మా అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ పద్ధతి గల మనిషి. పాల లెక్కలు రాసుకునే నోటుపుస్తకం చివరి పేజీలో ఎవరికేమివ్వాలో పొందిగ్గా రాసిపెట్టింది. నాకు పుస్తకాల బీరువా, పట్టుచీరల్లో సగం. డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి వీణ, పచ్చడి రోలు, కొంత ఇత్తడి సామాను, పూజగదిలోని చిన్నికృష్ణుడు. వీణ దానికి రావడం న్యాయం. నాకు సరిగమలు దాటలేదు. అది పదేళ్ళు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకుంది.

"కొరియర్ వాడికిచ్చేస్తే పోలా?" అన్నారు మావారు పేపరు లోంచి తల ఎత్తకుండానే. రోలు తూకం 22 కిలోలని చెప్పాక తల ఎత్తారు.

అప్పుడు తెలిసింది, ఇలాంటి పనికి ఫ్రైట్ ఫార్వర్డర్లని ప్రత్యేకంగా ఒక వర్గం ఉందని. వీళ్ళకి సొంత ఓడలుండవు. విమానాలుండవు. చాలామందికి లారీ కూడా ఉండదు. ఏమిటీ విడ్డూరం అనుకోకండి. పెళ్ళి చేయించే పెద్దమనిషికి సొంత కల్యాణ మండపం ఉంటుందా? సొంత సన్నాయి మేళం ఉంటుందా? ఎక్కడ ఏది దొరుకుతుందో, ఎవరితో ఏ మాట మాట్లాడితే పని జరుగుతుందో ఆయనకి తెలుసు. అంతే. ఫార్వర్డరూ అలాగే. లారీ వాడు, గోదాము వాడు, కస్టమ్స్, ఓడ కంపెనీ, అవతలి దేశంలో ఏజెంటు, ఇందరినీ ఒక తాడుకి కట్టి నడిపిస్తాడు. ఈ వృత్తి వారి అంతర్జాతీయ సమాఖ్య 'ఫియాటా' 1926లోనే వియన్నాలో పుట్టిందంటే, ఇదేమీ నిన్నా మొన్నటి వ్యాపారం కాదన్నమాట.

మాకు తెలిసిన వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ముగ్గురి పేర్లు సంపాదించాను. పేర్లు మీకు చెప్పను. వాళ్ళ గుణాలు చెబుతాను, అవే మీకు పనికొస్తాయి.

మొదటాయన ఫోనులోనే ధర చెప్పేశాడు. సామాను చూడలేదు, కొలవలేదు, అందులో ఏమున్నాయని అడగలేదు. "అమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి, 30 రోజుల్లో మీ చెల్లెలుగారింట్లో ఉంటాయి" అన్నాడు. మిగతా ఇద్దరూ చెప్పిన దానిలో సగం ధర. మావారి ముఖం వికసించింది.

రెండో ఆయన పెద్ద కంపెనీ. నాలుగు పేజీల కాగితం పంపాడు. అందులో ప్రతి మాటా పొడి అక్షరాలే. అర్థం చెప్పమని ఫోను చేస్తే ప్రతిసారీ ఒక కొత్త గొంతు పలికింది. ప్రతి గొంతుకీ నేను రోలు కథ మొదటినుంచీ చెప్పుకోవాల్సి వచ్చింది.

మూడోది సనత్‌నగర్ వైపు ఒక చిన్న ఆఫీసు. అక్కడే మన కంటైనర్ డిపో ఉంది. హైదరాబాదుకి సముద్రం లేకపోయినా, ఇక్కడే కస్టమ్స్ పని ముగించి పెట్టెల్ని రేవుకి పంపే ఏర్పాటన్నమాట. ఆ ఆఫీసు నుంచి పాతికేళ్ళ అమ్మాయి కొలత టేపు పట్టుకుని ఇంటికొచ్చింది. రాగానే, "ఆంటీ, ముందు సామాను చూపించండి, ధర తర్వాత" అంది. నా మనసు సగం అక్కడే మొగ్గింది.

ఆ పిల్ల చెప్పిన లెక్క వినండి. ఓడవాడికి మన సామాను ఎంత చోటు తింటుందన్నదే ముఖ్యం. కంటైనర్‌లో మనలాంటి పదిమంది సామాను కలిపి వేసేటప్పుడు ఘనమీటరుకి ఇంత అని వసూలు చేస్తారు. 1000 కిలోల బరువుని ఒక ఘనమీటరుతో సమానంగా చూస్తారు. అందుచేత రోలు ఎంత బరువున్నా ఓడవాడు పట్టించుకోడు, అది తినే చోటు జానెడు. విమానంలో అలా కాదు. అక్కడ బరువూ చూస్తారు, పెట్టె కొలతలూ చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చేది ఒక బరువు. దానిలోనూ అసలు బరువులోనూ ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. కొరియర్ వాళ్ళు చాలామంది 5000తోనే భాగిస్తారు, అంటే ఇంకా ఎక్కువన్నమాట.

మా వీణకి కట్టవలసిన పెట్టె 140 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. గుణించి భాగిస్తే 47 కిలోల పైచిలుకు. పెట్టెతో సహా తూస్తే 20 కిలోలు లేదు! లోపలున్న గాలికి కూడా టిక్కెట్టు కొనాలన్నమాట. "మద్దెల వెళ్ళి రోలుతో మొరపెట్టుకుందట" అంటారు గానీ, ఇక్కడ వీణ వెళ్ళి రోలుతో మొరపెట్టుకోవలసి వచ్చింది.

"అయితే రెండూ ఓడలోనే పంపేద్దాం" అన్నారు మావారు.

ఆ పిల్ల వీణని తేరిపార చూసి, "ఈ మెట్లు దేనిమీద నిలబెట్టారాంటీ?" అని అడిగింది. 1976లో అమ్మ పెళ్ళికి మా తాతయ్య బొబ్బిలిలో చేయించిన వీణ అది. బొబ్బిలి వీణల పేరు మీకు తెలిసిందే, 2011లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండీ వీణ. దాని 24 మెట్లూ మైనం మీద నిలబడి ఉంటాయి. ఎండలో నిలిచిన ఇనుప పెట్టెలో వేడి 50 డిగ్రీలు దాటగలదు, మైనం ఆ వేడికి తట్టుకోదు, మెట్లు ఒరిగిపోతాయి అంది ఆ పిల్ల. "రోలు ఓడలో, వీణ విమానంలో. ఖర్చవుతుంది. కానీ నేనైతే అలాగే పంపుతాను" అంది. తంతులు ఊడదీయకుండా వదులు చేసి పంపమనీ చెప్పింది. ఆ పిల్లకి సంగీతం రాదట. "అడిగి తెలుసుకున్నాను, పోయినేడు ఇంకొకరి వీణ పంపాం" అని నవ్వింది.

సామాను సంగతి అడగకుండా ధర చెప్పిన మొదటాయనకి ఈ మైనం సంగతి ఎప్పటికి తెలిసేది? హ్యూస్టన్‌లో పెట్టె దిగాక, మా చెల్లెలికి తెలిసేది.

ఇక మూడు పేర్లూ బల్లమీద పెట్టుకుని, నేను ముగ్గుర్నీ ఒకే రకం ప్రశ్నలు అడిగాను. మీలో ఎవరికైనా అవసరం రావచ్చు కనక చెబుతున్నాను.

మొదటిది, మీరు చెప్పే ధర ఎక్కడిదాకా? రేవుదాకానా, గుమ్మందాకానా? ఇందులో ఉంది మాయంతా. సగం ధర చెప్పిన పెద్దమనిషి లెక్క హ్యూస్టన్ రేవు గోదాముతో ఆగిపోయింది. అక్కడ దింపుడు కూలీ, గోదాము ఖర్చు, కాగితాల ఖర్చు, కస్టమ్స్ ఏజెంటు ఖర్చు, డాలస్ దాకా నాలుగు గంటల లారీ ప్రయాణం, ఇవన్నీ అవతలి వాళ్ళు కట్టుకోవాలి. ఇక్కడ తగ్గించిన ధరని అక్కడ రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో పాత అలవాటేనట. సామాను రేవులో ఉండిపోయాక బేరమాడే వీలేముంటుంది? పైగా రోజు గడిచేకొద్దీ గోదాము అద్దె ఎక్కుతూ ఉంటుంది.

రెండోది, మీకున్న అనుమతులేమిటి? మన దేశంలో కస్టమ్స్ పని చూసే బ్రోకరుకి 2018 నాటి నిబంధనల కింద లైసెన్సు ఉండాలి. ఓడకీ లారీకీ కలిపి ఒకే రవాణా పత్రం ఇచ్చేవారు 1993 చట్టం కింద రిజిస్టరై ఉండాలి. అమెరికా రేవులకి తమ పేరుమీద ఓడ బిల్లు రాసే కంపెనీకి అక్కడి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ దగ్గర లైసెన్సో రిజిస్ట్రేషనో, దానితోబాటు పూచీ బాండూ ఉండాలి. ఆ జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. నేను చూశాను. ఒక పేరు అందులో లేదు. ఏ పేరో మీరు ఊహించుకోండి.

ఇదంతా ఎందుకంటే, కలగాపులగం కంటైనర్‌లో ఓడ కంపెనీకి మనమెవరో తెలియదు. పెద్ద బిల్లు ఫార్వర్డర్ల పేరుమీద ఉంటుంది, మన చేతికొచ్చేది వాళ్ళు రాసిచ్చే చిన్న బిల్లు. మన దగ్గర డబ్బు పుచ్చుకుని వాళ్ళు ఓడవాడికి కట్టకపోతే సామాను ఆగిపోతుంది. మన దగ్గర రసీదుంటే మాత్రం ఏం లాభం?

మూడోది, పెట్టె ఏ చెక్కతో చేస్తారు? నవ్వకండి. మొదటాయన "మామిడి చెక్కతో గట్టిగా బిగిస్తామమ్మా" అన్నాడు. పచ్చి చెక్కలో పురుగులు దేశాలు దాటుతాయని అంతర్జాతీయంగా ఒక నియమం పెట్టుకున్నారు. చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు తగిలించి, గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర వేయాలి. ముద్ర లేకపోతే అమెరికా వాళ్ళు పెట్టెని తిప్పి పంపగలరు. ప్లైవుడ్‌కి ఈ బాధ లేదు, దాని తయారీలోనే వేడి తగులుతుంది. మా వీణకి ప్లైవుడ్ పెట్టే చేయించారు.

నాలుగోది, ఎన్నాళ్ళు పడుతుంది? మొదటాయన నెల అన్నాడని చెబితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. కంటైనర్ నిండేదాకా ఆగాలి, ముంబయి దగ్గర నవాషేవా రేవుకి చేరాలి, ఓడ దొరకాలి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడలమీద దాడులు మొదలయ్యాక చాలా కంపెనీలు సూయెజ్ కాలువ మానుకుని ఆఫ్రికా ఖండం చుట్టూ తిప్పాయి. ఆ చుట్టుకి పదీ పదిహేను రోజులు అదనం. "రెండున్నర నెలలు అనుకోండాంటీ. ముందొస్తే సంతోషించండి" అంది. నచ్చని మాటే, కానీ నమ్మదగ్గ మాట.

అయిదోది బీమా. దీని గురించి ఒక కథ చెప్పాలి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయెజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు లోకాన్నంతా ఆపేసింది గుర్తుందా? దాన్ని బయటికి లాగాక, ఓడ యజమానులు 'జనరల్ యావరేజ్' ప్రకటించారు. అంటే ఏమిటనుకున్నారు? ఓడనీ సరుకునీ కాపాడ్డానికి అయిన ఖర్చుని, ఓడ యజమానితోబాటు అందులో సరుకున్న ప్రతివాళ్ళూ వాళ్ళ వాళ్ళ సరుకు విలువని బట్టి పంచుకోవాలి. మన పెట్టెకి గీత పడకపోయినా సరే! అచ్చం ఉమ్మడి కుటుంబం లాగే లేదూ? బావగారి వ్యాపారం మునిగితే తోడికోడలి గాజులు కూడా తాకట్టుకి వెళ్ళినట్టు. సరైన బీమా ఉంటే ఆ వాటా బీమా వాళ్ళు చూసుకుంటారు. లేకపోతే మన వాటాకి పూచీ పెట్టేదాకా పెట్టె వదలరు.

"ఓడ కంపెనీ బాధ్యత ఉండదా?" అని మావారి ప్రశ్న. ఉంటుంది. విలువ ముందే ప్రకటించకపోతే, 1936 నాటి అమెరికా చట్టం ప్రకారం ఒక్కో ప్యాకేజీకి 500 డాలర్ల దాకా. అంతకి మించి అడగడానికి లేదు. ఇంకొకటి, మనం స్వయంగా సర్దిన పెట్టెలో వస్తువు విరిగితే సాధారణంగా బీమా వాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళచేతే సర్దించి, ఏ వస్తువు ఎంత విలువో జాబితా రాయించి, ఒక్కొక్కటీ ఫొటో తీసుకోవాలి. అమ్మ రోలుకి విలువ ఎంతని రాయను? రాళ్ళు కొట్టేవాళ్ళ దగ్గర కొత్తది ఎంతో కనుక్కుని ఆ ధరే రాశాను.

ఆ జాబితా రాసేటప్పుడే ఇంకో ముచ్చట. బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివిన గర్వంతో రోలుకి 'మోర్టార్' అని రాయబోయాను. ఆ పిల్ల చప్పున నా చెయ్యి పట్టుకుంది. "వద్దాంటీ! మోర్టార్ అంటే ఫిరంగి కూడా. 'వంటింట్లో వాడే రాతి రుబ్బుడు గిన్నె' అని రాద్దాం" అంది. రోటిని మట్టి లేకుండా బ్రష్షుతో రుద్ది కడిగి ఆరబెట్టమంది. మట్టి దేశం దాటకూడదట. ఖాళీ ఉంది కదా అని ఆవకాయ జాడీ దూరుద్దామనుకునే వాళ్ళకి ఇంకో మాట. తినే వస్తువులకి అక్కడ ముందుగా వేరే నోటీసు ఇవ్వాలి. ఒక్క జాడీ కోసం పెట్టంతా ఆగిపోవచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. చిన్నికృష్ణుడు.

జానెడు లోహ విగ్రహం. అమ్మకి వాళ్ళ అమ్మ ఇచ్చింది, ఆవిడకి అత్తగారిచ్చింది. ఆ అత్తగారికి ఎవరిచ్చారో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మొదటాయన దాన్ని ఫొటోలో చూసి, "ఇదెంతమ్మా, 'ఇత్తడి అలంకరణ వస్తువు' అని రాసేస్తాం" అన్నాడు. రెండో కంపెనీలో కొత్త గొంతు, "చూసి చెబుతాం" అని మళ్ళీ చెప్పలేదు. మూడో అమ్మాయి విగ్రహాన్ని చేతిలోకి తీసుకోకుండానే, "దీని వయసెంతాంటీ?" అంది.

1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన విగ్రహాలూ అలాంటి కళావస్తువులూ మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. రాతప్రతులైతే 75 ఏళ్ళు చాలు. పాతగా కనిపించే వస్తువేదైనా పంపాలంటే, ఇది పురావస్తువు కాదని కేంద్ర పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తేవాలి. "అది లేకుండా నేను పంపను. పంపితే మీరూ ఇరుక్కుంటారు, అక్కడ మీ చెల్లెలుగారూ ఇరుక్కుంటారు" అంది.

ఈ మాట మా చెల్లెలికి ఫోనులో చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మిగతా వాళ్ళు పంపిస్తామన్నారు కదక్కా?" అంది. మళ్ళీ ఆగి, "నీ దగ్గర ఉంచుకోవాలని ఉంటే నేరుగా చెప్పు, నేనేం అనుకోను" అంది.

చదువుతున్న మీలో అక్కచెల్లెళ్ళున్న వాళ్ళకి ఈ మాట ఎక్కడ తగులుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాన్ని తప్పు పట్టలేకపోయాను. అమ్మ ఆఖరి రోజుల్లో నేను పక్కనున్నాను, అది వీసా కాగితాల కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉండిపోయింది. దానికి మిగిలింది ఆ నోటుపుస్తకంలోని నాలుగు గీతలు. అందులో ఒక గీత నేను కొట్టేస్తున్నానని దానికి తోచింది.

పొద్దున్నే ఆ ఆఫీసుకి ఫోను చేసి, విగ్రహం ఎందుకు పంపలేరో కాగితం మీద రాసివ్వమని అడిగాను. చాలామంది నోటితో చెప్పిన మాట కాగితం మీద పెట్టమంటే నసుగుతారు. ఆ పిల్ల గంటలో పంపింది. ఏ చట్టం, ఏ అనుమతి, ఎవర్ని అడగాలి, ఎంత వివరంగానో! నేను దానికి ఒక్క వాక్యం కూడా చేర్చకుండా చెల్లెలికి పంపాను. పురావస్తు శాఖ వారికి విగ్రహం చూపించాం. చూసిన పెద్దమనిషి పాతదేనన్నారు, ధ్రువపత్రం ఇవ్వడం కుదరదన్నారు. ఇంట్లో ఉంచి పూజించుకోవచ్చు గానీ రిజిస్టరు చేయించుకోవాలన్నారు. ఆ దరఖాస్తులో యజమాని పేరు దగ్గర మా చెల్లెలి పేరు కూడా రాయవచ్చా అని అడిగాను. అది చదివి మా చెల్లెలు ఫోనులో ఏడ్చింది. "పేరెందుకే అక్కా, శనివారం శనివారం వెన్న పెట్టు చాలు" అంది.

సామాను మూడో అమ్మాయికే ఇచ్చామని మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు. ఓడలో సరుకు ఎక్కించడానికి 24 గంటల ముందే అమెరికా కస్టమ్స్ వారికి వివరాలు అందాలి. ఆలస్యమైతే జరిమానా 5000 డాలర్ల దాకా ఉండవచ్చు. అది ఎవరు పంపుతారు, ఏ రోజు పంపుతారు అని ముందే రాయించుకున్నాం. వీణ తొమ్మిదో రోజున చేరింది, మెట్లు ఒక్కటీ కదల్లేదు. పెట్టెలు చేరడానికి 81 రోజులు పట్టింది. ఒక ఇత్తడి చెంబు సొట్టపడింది. "అది నువ్వు చిన్నప్పుడు బావిగట్టున పడేసిన సొట్ట కాదు కదా?" అని నేనూ, "కాదు, ఇది అట్లాంటిక్ సొట్ట" అని అదీ.

మొన్న ఆదివారం వీడియోలో పిలిచింది. దాని అమెరికా వంటింట్లో, తళతళలాడే చలవరాయి గట్టు మీద అమ్మ రోలు కూర్చుని ఉంది, పట్నం చుట్టాలింటికొచ్చిన పల్లెటూరి ముత్తైదువలా. మా మేనకోడలు పన్నెండేళ్ళది రెండు చేతులతో బండ పట్టుకుని దోసకాయ పచ్చడి నూరుతోంది. ముక్కలు మెత్తగా కాకుండా కచ్చాపచ్చాగా ఉండాలని మా చెల్లెలు దాన్ని కేకలేస్తోంది. ఆ కేక అచ్చం అమ్మ కేకే.